మాటల మూట: మెండరు, షార్పునరు, సాకపుంతాస్

పిల్లలూ!

ఈ నెల మాటల మూట విప్పే ముందు మీకొక చిన్న ప్రశ్న. మీ సంచిలో ఒక బుల్లి వస్తువు ఉంటుంది. అది చింతగింజకు అన్నలా ఉంటుంది. దాని లోపల చిన్న బ్లేడు ఉంటుంది. మొన విరిగిన పెన్సిలును అందులో దూర్చి తిప్పితే పూరేకుల్లాగా పొట్టు రాలుతుంది. దాని పేరేమిటి?

"షార్పునరు!" అని కొందరంటారు. "మెండరు!" అని ఇంకా కొందరంటారు. ఒకటో తరగతి పిల్లవాణ్ణి అడిగితే, "పెన్సిలు చెక్కేది" అంటాడు.

ఇందులో ఏది ఒప్పు, ఏది తప్పు?

ఈ ప్రశ్న నాకు తోచింది కాదు. మా పక్కింటి పాప అడిగింది. దీనికి జవాబు తెలియక ఆ పాప లెక్కల పరీక్షలో ఏడు మార్కులు పోగొట్టుకున్నది. మార్కులు పోతే మళ్ళీ వస్తాయి. పాపం, ఆ పిల్ల నోట మాటే పోయేటట్టున్నది. ఆ కథ ముందు చెబుతాను.

మేముండేది హైదరాబాదులో నిజాంపేట. ఒకప్పుడిది పొలాల మధ్య ఉండే పల్లె. 1998లో మాదాపూరు దగ్గర హైటెక్ సిటీ వెలిసిన తరవాత కంప్యూటరు కంపెనీలు వరసగా వచ్చినవి. వాటిలో పనిచేసేవాళ్ళు ఇళ్ళు వెతుక్కుంటూ మియాపూరు, కూకట్‌పల్లి దాటి ఇటు వచ్చారు. పొలాలున్న చోట మేడలు లేచినవి. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిపి నిజాంపేటను నగరపాలక సంస్థగా చేశారు. ఇవాళ మా మేడలో ఒక అంతస్తులో శ్రీకాకుళం వాళ్ళుంటే, ఇంకొక అంతస్తులో కడప వాళ్ళున్నారు. కరీంనగర్ వాళ్ళున్నారు, ఒంగోలు వాళ్ళున్నారు. ఒరియా వాళ్ళూ, బీహారు వాళ్ళూ కూడా ఉన్నారు. సాయంకాలం పిల్లలంతా కింద ఆడుకుంటూ ఉంటే, ఆ అరుపుల్లో ఎన్ని రకాల తెలుగు వినిపిస్తుందో చెప్పలేను.

పక్కింటి పాపది ఒంగోలు దగ్గర పల్లె. పోయిన జూన్‌లో వాళ్ళ నాన్నకు ఇక్కడ ఉద్యోగమైంది. పాప కొత్త బళ్ళో నాలుగో తరగతిలో చేరింది. మొదటి రోజే పెన్సిలు మొన విరిగింది. పక్కనున్న పిల్లవాణ్ణి, "మెండరు ఇస్తావా?" అని అడిగింది.

"ఏమిటీ? మెంటలా?" అన్నాడు వాడు.

తరగతి అంతా గొల్లున నవ్వింది. ఆనాటి నించి పాప పేరు మెండరు అయిపోయింది. నీళ్ళ దగ్గరా మెండరే, ఆటల దగ్గరా మెండరే. కొన్నాళ్ళకు పాప ఎవరినీ ఏమీ అడగడం మానేసింది. ఏది అడిగితే ఏ మాటకు నవ్వుతారో అని భయం!

తరవాత లెక్కల పరీక్ష వచ్చింది. సగంలో పెన్సిలు విరిగింది. మెండరు ఇంట్లో మరచిపోయింది. పక్కవాడి పెట్టెలో ఒకటి కనిపిస్తూనే ఉన్నది. అయినా పాప అడగలేదు. చివరి రెండు లెక్కలూ చెయ్యకుండా ఊరికే కూర్చున్నది. టీచరు అడిగినా ఎందుకో చెప్పలేదు.

ఆ సాయంత్రం వాళ్ళమ్మ నా దగ్గరకు తీసుకువచ్చి, "బాబాయిగారూ, మీరైనా అడగండి. మాతో కూడా సరిగా మాట్లాడటం లేదు," అన్నది.

పాప చాలాసేపు నేలకేసి చూసి, చివరకు, "తాతయ్యా, మెండరు అనేది తప్పు మాటా?" అని అడిగింది.

నాకు వెంటనే నోరు పెగల్లేదు. ఎందుకో తెలుసా? నాకు ఇంకొక కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరవాత ఉద్యోగస్తులు అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ బదిలీ అవుతూ ఉండేవాళ్ళు. కృష్ణ ఒడ్డున మా ఊరికి నిజామాబాదు వైపు నించి ఒకాయన అట్లా వచ్చాడు. ఆయన కొడుకు మా అయిదో తరగతిలో చేరాడు. ఆ రోజుల్లో మేము పాళీ సిరాలో ముంచి రాసేవాళ్ళం. మేము సిరాబుడ్డి అనేదాన్ని ఆ కుర్రవాడు "దవాతు" అన్నాడు. 1948 వరకూ హైదరాబాదు రాజ్యంలో పై చదువులూ, కచేరీ పనులూ ఉర్దూలో నడిచేవి. ఉర్దూలో సిరాబుడ్డిని దవాత్ అంటారు. అది మాకేం తెలుసు? పగలబడి నవ్వాం. వాడికి దవాతు అని పేరు పెట్టాం. ఏడాది పాటు వాడు తన సిరాబుడ్డి తానే తెచ్చుకున్నాడు. ఒక్కనాడు కూడా ఎవరినీ చుక్క సిరా అడగలేదు. తరవాత వాళ్ళ నాన్నకు మళ్ళీ బదిలీ అయింది.

పిల్లలూ, ఆ కుర్రవాడి అసలు పేరు ఇప్పుడు నాకు గుర్తు లేదు. మేము పెట్టిన పేరే గుర్తున్నది. ఇంతకన్న సిగ్గుపడవలసింది ఏమున్నది?

ఇది పాపకు చెప్పాను. చెప్పి, "మేడ మీది అక్క దగ్గరకు పోదాం రా. నీ ప్రశ్నకు ఆవిడ నాకన్న బాగా జవాబు చెబుతుంది," అన్నాను.

ఆ అక్క ఒక కంపెనీలో పనిచేస్తుంది. మెక్సికో, అర్జెంటీనా వాళ్ళతో రోజూ ఫోనులో మాట్లాడాలి గనక స్పానిష్ భాష నేర్చుకుంటున్నది. స్పానిష్ పుట్టింది ఐరోపాలోని స్పెయిన్ దేశంలో. 500 ఏళ్ళ కిందట స్పెయిన్ వాళ్ళు ఓడలెక్కి అమెరికా ఖండానికి పోయి, అక్కడి రాజ్యాలను జయించారు. వాళ్ళతో పాటు వాళ్ళ భాషా పోయింది. ఇవాళ 20 దేశాలలో అది అధికార భాష. ఒక భాష అన్ని దేశాలలో మసిలితే ఏమవుతుంది? తెలుగు శ్రీకాకుళం నించి ఆదిలాబాదు దాకా మసిలితే ఏమయిందో అదే అవుతుంది!

అక్క ముందు తన పెన్ను చూపించింది. "నేను చదివిన పుస్తకంలో దీన్ని బొలీగ్రాఫో అని రాశారు. అంటే గుండుతో రాసేది అన్నమాట. స్పెయిన్‌లో అట్లాగే అంటారు. మెక్సికో వాళ్ళతో ఆ మాట అంటే అర్థమైంది గాని, వాళ్ళు మాత్రం ప్లూమా అన్నారు. ప్లూమా అంటే ఈక. ఒకప్పుడు పక్షి ఈకతో రాసేవాళ్ళు కదూ! అర్జెంటీనా వాళ్ళు లపిసేరా అన్నారు, బిరోమె అని కూడా అన్నారు. కొలంబియాలో ఎస్ఫెరో అంటారట," అన్నది.

బిరోమె వెనక ఒక కథ ఉన్నది. లాస్లో బీరో అనే ఆయన 1899లో హంగరీ దేశంలో పుట్టాడు. పత్రికల్లో పనిచేసేవాడు. అచ్చు సిరా కాగితం మీద ఇట్టే ఆరిపోతుంది, పెన్ను సిరా మాత్రం అలుక్కుపోతుంది. అచ్చు సిరాను పెన్నులో పోస్తే? పోశాడు. అది చిక్కగా ఉండి పాళీ లోంచి దిగలేదు. అప్పుడాయన పాళీ తీసేసి, మొనలో తిరిగే చిన్న గుండును పెట్టాడు. ఐరోపాలో రోజులు బాగాలేక అర్జెంటీనా చేరి, అక్కడ 1943లో తన పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన భాగస్వామి పేరు మెయ్నె. బీరో పేరూ, మెయ్నె పేరులోని మొదటి అక్షరాలూ కలిపితే బిరోమె అయింది! అందుకే అర్జెంటీనా పిల్లలు ఈనాటికీ పెన్నును ఆ మాటతో పిలుస్తారు.

"ఇంతకన్న తమాషా ఒకటి చెబుతాను," అన్నది అక్క. "లపిసేరో అనే మాట ఉన్నది. పెరూ దేశంలో లపిసేరో కావాలంటే పెన్ను ఇస్తారు. మెక్సికోలో అడిగితే, నొక్కితే పుల్ల బయటికి వచ్చే పెన్సిలు ఇస్తారు. స్పెయిన్‌లో కొన్నిచోట్ల మామూలు చెక్క పెన్సిలు ఇస్తారు!"

పాప అంతవరకూ తల దించుకునే ఉన్నది. అప్పుడు తలెత్తి, "మరి మెండరును ఏమంటారు?" అని అడిగింది.

"స్పెయిన్‌లోనూ మెక్సికోలోనూ సాకపుంతాస్. అంటే మొన తీసేది. పెరూలో తాహదోర్. అంటే కోసేది. కొలంబియాలో తాహలాపిస్. అంటే పెన్సిలు కోసేది."

"పెన్సిలు చెక్కేది లాగానే!" అన్నది పాప.

చూశారా? ఒకటో తరగతి పిల్లవాడు తనంతట తాను కల్పించుకున్న పేరు, సముద్రాల అవతల ఒక దేశానికంతటికీ సరిపోయింది.

ఇక మెండరు సంగతి చూద్దాం. మెండ్ అంటే ఇంగ్లీషులో బాగుచేయడం. ఈకలతో రాసే కాలంలో మొన అరిగిపోతే చిన్న చాకుతో చెక్కి మళ్ళీ రాసుకునేవాళ్ళు. ఆ పనిని పెన్ను మెండ్ చేయడం అనేవాళ్ళు. జేబులో పెట్టుకునే చిన్న చాకును ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ పెన్‌నైఫ్ అంటారు. ఆ పేరు ఆనాటిదే. కనక మెండరంటే బాగుచేసేది. షార్పునరంటే పదును పెట్టేది. మెండరూ ఇంగ్లీషు మాటే, షార్పునరూ ఇంగ్లీషు మాటే! రెండూ మన ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవే. అందులో ఒక చుట్టాన్ని నెత్తిన పెట్టుకుని, ఇంకొక చుట్టాన్ని చూసి నవ్వడం ఏం న్యాయం?

మీ సంచిలోని తక్కిన వస్తువులు కూడా ఇట్లా దేశాలు తిరిగి వచ్చినవే. ఒక్కొక్కటే బయటికి తీసి చూడండి.

కాగితం అనే మాట పారశీక భాషలోని కాగజ్ నించి వచ్చింది. కలం అరబ్బీ వాళ్ళు కూడా వాడే మాట. గ్రీకులు దాన్ని కలమోస్ అన్నారు. రెల్లుపుల్ల అని దాని అర్థం. మొదట్లో రెల్లును కోసి, మొన చేసి రాసేవాళ్ళు. పెన్ను అనే మాట ఈక అనే అర్థం గల లాటిన్ మాట నించి వచ్చింది.

రబ్బరు ఇంకా చిత్రమైనది. రబ్ అంటే ఇంగ్లీషులో రుద్దడం. కొన్ని చెట్ల పాలు గడ్డకట్టిన ముద్దతో రుద్దితే పెన్సిలు గీత చెరిగిపోతుందని 1770లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రజ్ఞుడు రాశాడు. రుద్దేది గనక రబ్బరు అన్నారు. తరవాత అదే పదార్థంతో బంతులు చేశారు, చెప్పులు చేశారు, బస్సు చక్రాలకు టైర్లు చేశారు. అన్నీ రబ్బరువే అయినవి. అంటే అంత పెద్ద బస్సు టైరుకు పేరు అరువిచ్చింది మీ సంచిలోని చిన్న ముక్క!

బలపం చూడండి. బలపపు రాయి అనే మెత్తటి రాయి ఉన్నది. దాని పేరే రాసే పుల్లకు వచ్చింది. స్పానిష్‌లో పెన్సిలును లాపిస్ అంటారు. లాటిన్‌లో లాపిస్ అంటే రాయి. వాళ్ళకూ మనకూ పరిచయం లేదు. అయినా ఇద్దరమూ రాతితోనే రాత మొదలుపెట్టాం. పలక అనేది సంస్కృతంలోని ఫలకం. ప్రకాశం వైపు మార్కాపురంలో పలకరాయి గనులున్నవి. అక్కడి రాతిపలకలు ఎన్నో ఊళ్ళ బడులకు పోయేవి. ఇప్పటి పిల్లల చేతికి మొదటే నోటుబుక్కు వస్తున్నది గాని, మీ అమ్మమ్మ అ ఆలు దిద్దిన పలక మార్కాపురం రాయే కావచ్చు. అడిగి చూడండి.

సుద్దముక్క కథ అన్నిటికన్న చిత్రం. మనలో చాకుపీసు అనేవాళ్ళున్నారు, సుద్దముక్క అనేవాళ్ళున్నారు, సీమసుద్ద అనేవాళ్ళున్నారు. సీమ అంటే ఇక్కడ పరదేశం, సీమచింత అన్నట్టు. స్పెయిన్‌లో సుద్దముక్కను తీసా అంటారు. ఆ మాట స్పెయిన్‌ది కాదు. మెక్సికోలోని పూర్వపు వాసుల భాష నవాత్ల్. అందులో తీసాత్ల్ అంటే తెల్లమన్ను. 1521లో మెక్సికోను జయించిన స్పెయిన్ వాళ్ళు, బంగారంతో పాటు ఆ మాటను కూడా ఇంటికి పట్టుకుపోయారు. మరి మెక్సికోలో పిల్లలు ఏమంటారు? హిస్ అంటారు. అది జిప్సం అనే లాటిన్ మాట నించి వచ్చింది. అంటే ఐరోపా మాట మెక్సికోలో ఉండిపోయింది, మెక్సికో మాట ఐరోపాలో కాపురం పెట్టింది! ఇప్పుడు చెప్పండి, ఏది అసలుది, ఏది పరాయిది?

చివరికి సంచి. మా మేడలో ఉండే బీహారు పిల్లవాడు ఒకనాడు, "నా బస్తా బరువుగా ఉంది," అన్నాడు. పిల్లలంతా బియ్యం బస్తా అనుకుని చుట్టూ చూశారు. హిందీలోనూ ఉర్దూలోనూ పుస్తకాల సంచిని బస్తా అంటారు. పారశీకంలో ఆ మాటకు కట్టినది అని అర్థం. పూర్వం పుస్తకాలను గుడ్డలో మూటకట్టి తెచ్చుకునేవాళ్ళు. అమెరికా వైపు ప్వెర్తో రికో ద్వీపంలో స్పానిష్ పిల్లలు బడి సంచిని బుల్తో అంటారు. బుల్తో అంటే కూడా మూటే! ఇప్పటి మీ సంచుల బరువు చూస్తే, బస్తా అనే మాటే అన్నిటికన్న సరిగ్గా ఉన్నదని నాకు తోస్తుంది.

ఇన్ని మాటలుంటే గందరగోళం కాదా అని మీ నాన్నగారు అడగవచ్చు. పెద్దలు దీన్ని గురించి ఆలోచించకపోలేదు. స్పెయిన్‌లో 1713లో భాష కోసం ఒక అకాడమీ పెట్టారు. ఇవాళ వేరు వేరు దేశాలలో అటువంటివి 23 ఉన్నవి. అప్పటికి ఉన్న అకాడమీలన్నీ కలిసి పనిచేసి, అమెరికా ఖండంలోని స్పానిష్ మాటలకు 2010లో పెద్ద నిఘంటువు వేసినవి. ఏ మాట ఏ దేశానిదో అందులో రాశారు.

అంతకు ఎంతో ముందే మన తెలుగులో ఇటువంటి పని జరిగింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వెలువడింది. నాగలిలో ఒక్కొక్క భాగాన్ని ఏ జిల్లా రైతు ఏమంటాడో ఊరూరా తిరిగి రాసుకుని, అచ్చు వేశారు. వాళ్ళు ఏ రైతు మాటనూ తప్పని కొట్టివేయలేదు. ఎక్కడి మాట అని మాత్రమే అడిగారు.

ఆ పనే మేమూ చేద్దామనుకున్నాం. ఆదివారం నాడు మేడ కింద ఒక నల్లబోర్డు పెట్టి, పది వస్తువుల బొమ్మలు గీశాం. "మీ ఇంట్లో పెద్దవాళ్ళు దీన్ని ఏమంటారో కనుక్కుని వచ్చి రాయండి," అన్నాం. పాపను నవ్వించిన కుర్రవాడు కూడా మా మేడలోనే ఉంటాడు. వాడు, "మా ఇంట్లో అందరం మామూలుగానే అంటాం," అంటూ పైకి పోయాడు. పది నిమిషాలకు వాళ్ళ తాతను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చాడు. ఆయనది కరీంనగర్ వైపు పల్లె. పలక బొమ్మ చూసి "తఖ్తీ" అన్నాడు. నోటుబుక్కు చూసి "కాపీ" అన్నాడు. సిరాబుడ్డి చూసి నవ్వి, "దవాతు," అన్నాడు.

కుర్రవాడు తాతకేసి తెల్లబోయి చూశాడు. తన ఇంట్లోనే తనకు తెలియని మాటలు ఇన్ని ఉన్నవని వాడికి తెలియదు. నేను సుద్దముక్క అందుకుని, బోర్డు మీద దవాతు అని పెద్ద అక్షరాలతో నేనే రాశాను. అరవై ఏళ్ళు ఆలస్యమైంది గాని, రాశాను.

మరి పాప ప్రశ్నకు జవాబు ఏమిటి? ఇదీ: ఏ మాట అంటే అడిగిన వస్తువు చేతికి వస్తుందో అది ఒప్పు మాట. అవతలివాడికి మన మాట తెలియకపోతే ఇంకొక మాట చెప్పాలి, లేదా వేలు పెట్టి చూపాలి. అది అడిగేవాడి పని. వినేవాడికి కూడా ఒక పని ఉన్నది. "అంటే ఏమిటి?" అని అడగాలి. నవ్వితే ఒక మాట పోతుంది. అడిగితే ఒక మాట వస్తుంది. ఏది లాభమో లెక్కలు వచ్చిన మీకు నేను చెప్పాలా?

అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. మీ పిల్లవాడు కొత్త ఊళ్ళో బడికి పోయి హఠాత్తుగా మౌనంగా ఉంటే, మార్కుల సంగతి తరవాత అడగండి. ముందు, "నిన్నెవరైనా ఏమైనా అన్నారా?" అని అడగండి. "నువ్వెవరినైనా ఏమైనా అన్నావా?" అని కూడా అడగండి. రెండో ప్రశ్న మన పెద్దవాళ్ళు తరచు మరచిపోతాం.

మొన్న పాప మా ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. బళ్ళో మళ్ళీ పెన్సిలు విరిగిందట. పక్కవాణ్ణి, "మెండరు ఉందా?" అని అడిగిందట. వాడు పెట్టె తెరిచి, "మెండరు లేదు, షార్పునరు ఉంది. ఇవ్వనా?" అన్నాడట. ఇద్దరూ నవ్వుకున్నారట. ఈ నవ్వు వేరు, ఆ నవ్వు వేరు.

ఇక ఈ నెల మీరు చేయవలసిన పని. ఒక కాగితం తీసుకుని పలక, బలపం, సుద్దముక్క, పెన్సిలు చెక్కేది, రబ్బరు, స్కేలు, నోటుబుక్కు, సిరాబుడ్డి, పరీక్షకు పెట్టుకునే అట్ట, పుస్తకాల సంచి అని పది వరసలు రాయండి. అమ్మమ్మనూ నాయనమ్మనూ తాతయ్యలనూ అడగండి. పక్కింటి వాళ్ళనూ, మీ వాచ్‌మన్‌నూ అడగండి. ఎవరు ఏ ఊరి వాళ్ళో పక్కనే రాయండి. ఎక్కువ మాటలు పోగుచేసినవాళ్ళు గొప్పవాళ్ళు కారు. ఒక్క మాటకయినా నవ్వకుండా రాసుకున్నవాళ్ళే గొప్పవాళ్ళు.

వచ్చే నెల, పెన్సిలు లోపలి నల్లపుల్లను సీసం అని ఎందుకు పొరబడ్డారో, అసలది దేనితో తయారవుతుందో చెప్పుకుందాం. అందాకా పెన్సిళ్ళు జాగ్రత్త! విరిగితే మాత్రం అడగడానికి మొహమాటపడకండి.

ఇట్లు,
మీ తాతయ్య